కొండదారిలో కుడి ఎడమలు

మూడేళ్ళ కిందట ఒక శనివారం పొద్దున్న నేను మా ఊరి పక్కనున్న కొండ మీంచి సైకిలు మీద దిగుతున్నాను. మలుపు తిరగ్గానే కొంచెం దూరంలో, నాకు వీపు పెట్టి, ఇద్దరు పెద్దవాళ్ళు నడుస్తూ కనిపించారు. ఆయన తలకి మంకీ క్యాపు. ఆవిడకి నేత చీర, దాని మీద స్వెట్టరు, కాళ్ళకి తెల్లటి నైకీ బూట్లు. పిల్లల దగ్గరకి ఆర్నెల్ల వీసా మీద వచ్చినవాళ్ళని పోల్చుకోవడానికి పెద్ద తెలివితేటలు అక్కరలేదు. "ఆన్ యువర్ లెఫ్ట్!" అని అరిచాను. ఈ దేశంలో వెనకనించి దాటిపోయేవాడు అనవలసిన మాట అదే. "మీ ఎడమ పక్కనించి వెళ్తున్నాను, మీరు ఉన్నచోటే ఉండండి" అని దాని అర్థం. ఆయన ఉన్నచోటే ఉండిపోయారు. ఆవిడ చటుక్కున ఎడమకి జరిగారు. నేను వెళ్ళబోతున్నది అటే.

బ్రేకు పట్టి ఇంకా పక్కకి తిప్పాను. సైకిలు ఒక చోట, నేను ఒక చోట. ఎడమ భుజం మీద పడటంతో కాలర్ బోను విరిగింది. ఆవిడ గబగబా వచ్చి, తేట తెలుగులో, "అయ్యో నాయనా, ఎడమ అన్నావుగా, ఎడమకే జరిగాను" అన్నారు. అంత నొప్పిలోనూ ఆవిడ మాటలో తప్పేమిటో నాకు తోచలేదు. ఇప్పటికీ తోచలేదు.

ఆస్పత్రి నించి ఇంటికి తీసుకొస్తూ మా ఆవిడ, "యాభయ్యేళ్ళు వచ్చాక కొండల మీద సైకిలేమిటి?" అనలేదు. అంతకంటే కష్టమైన ప్రశ్న వేసింది. "ఆవిడకి తగిలి ఉంటే?" అంది. డెబ్భయ్యో పడిలో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో మనందరికీ తెలుసు. అందులోనూ ఊరు కాని ఊళ్ళో, విజిటర్ ఇన్సూరెన్సు మీద. ఆరు వారాలు చెయ్యి మెడకి కట్టుకుని కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతూ నేను చదివిన సంగతులే ఈ వ్యాసం. మనవాళ్ళలో కొండ సైకిళ్ళు తొక్కేవాళ్ళు ఎక్కువమంది లేకపోవచ్చు. కాని ఆ దారుల్లో నడిచేవాళ్ళు కోకొల్లలు. అమ్మానాన్నలు వస్తే వాళ్ళకి మనం చూపించే మొదటి కాలక్షేపం ఇంటి దగ్గరున్న ట్రెయిలే కదా.

ముందుగా ఈ కుడి ఎడమల గొడవ తేల్చుకుందాం. మన దేశంలో బండి ఎడమ పక్క నడుస్తుంది. జీవితమంతా ఆ రోడ్ల మీద తిరిగినవాళ్ళ కాళ్ళు తెలియకుండానే ఎడమకి లాగుతాయి. ఇక్కడి జనం కుడి అంచు పట్టుకుని నడుస్తారు. ఇద్దరూ ఎదురుపడితే మన పెద్దాయన తన ఎడమకి తప్పుకుంటాడు, అమెరికా ఆయన తన కుడికి తప్పుకుంటాడు. కాగితం మీద బొమ్మ గీసి చూడండి: ఇద్దరూ దారికి ఒకే పక్కకి చేరతారు. నడకలో అయితే నవ్వుకుని ఇంకోసారి జరుగుతారు. మధ్యలో చక్రాలున్నప్పుడు నవ్వుకోవడానికి వ్యవధి ఉండదు. పైగా "ఆన్ యువర్ లెఫ్ట్" అనే మూడు మాటల్లో మొదటి రెండూ గాలికి పోయి, వినేవాళ్ళ చెవిలో పడేది "లెఫ్ట్" ఒక్కటే. ఆ మాట వినబడ్డ మనిషి ఎడమకి జరగడంలో ఆశ్చర్యమేముంది? ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఉలిక్కిపడితే అటే జరుగుతారు. నేను చూశాను.

ఇంతకీ ఈ కొండ సైకిలు ఎక్కడిది? మాకు దగ్గరలోనే పుట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన గోల్డెన్ గేట్ వంతెన దాటితే మరీన్ కౌంటీ. అక్కడ 2,571 అడుగుల ఎత్తున టామల్పాయిస్ పర్వతం. 1970లలో ఆ చుట్టుపక్కల కుర్రాళ్ళు కొందరు, వాళ్ళ తాతల నాటి ష్విన్ కంపెనీ లావు టైర్ల సైకిళ్ళు పాత సామాన్ల కొట్లలో ఏరుకొచ్చి, కొండ మీదకి ఎలాగో చేర్చి, కిందకి దొర్లించుకుంటూ వచ్చేవారు. ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర ఒక దారిలో 1976 అక్టోబర్ 21న మొట్టమొదటి పందెం జరిగింది. రెండు మైళ్ళ లోపు దూరంలో 1,300 అడుగులు కిందకి దిగే దారి అది. ఆ పాత సైకిళ్ళకి వెనక చక్రం ఇరుసులోనే బ్రేకు ఉండేది, పెడలు వెనక్కి తొక్కితే పడేది. కిందకి వచ్చేసరికి ఇరుసు కాలిపోయి అందులోని గ్రీజంతా పొగైపోయేది. మళ్ళీ గ్రీజు కూరాలి, అంటే రీప్యాక్ చెయ్యాలి. అందుకని ఆ దారికి "రీప్యాక్" అనే పేరు స్థిరపడిపోయింది. చార్లీ కెల్లీ ఆ పందేలు నడిపినవాడు. జో బ్రీజ్ 1977లో ప్రత్యేకంగా ఈ పనికోసమే చట్రం కట్టాడు. 1979లో గేరీ ఫిషర్, కెల్లీ కలిసి "మౌంటెన్ బైక్స్" అనే పేరుతోనే దుకాణం పెట్టారు. టామ్ రిచీ వాళ్ళకి చట్రాలు చేసిపెట్టాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ "స్టంప్‌జంపర్" పేరుతో పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మడం మొదలెట్టాక ఇక ఆగలేదు.

చిత్రమేమిటంటే, ఈ సైకిలు పుట్టిన కొండ మీదే మొదటగా దానికి తలుపులు మూసేశారు. ఆ కొండలో పెద్ద భాగం మరీన్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్టుది. ఊళ్ళకి తాగునీరిచ్చే చెరువుల పరీవాహక ప్రాంతం అది. అక్కడ దారులు రెండు రకాలు. మంటలార్పే లారీలు వెళ్ళడానికి చదును చేసిన వెడల్పాటి మట్టిరోడ్లు ఒక రకం, వీటిని ఫైర్ రోడ్లంటారు. మనిషి వెనక మనిషి నడిచే సన్నటి కాలిబాటలు రెండో రకం, అవి సింగిల్ ట్రాకులు. నేను వాటిని ఒంటిబాటలంటాను. 1980ల మధ్యకల్లా ఒంటిబాటల్లోకి సైకిళ్ళు రాకూడదన్నారు. ఫైర్ రోడ్ల మీద గంటకి 15 మైళ్ళు దాటకూడదు, ఎవరినైనా దాటేటప్పుడూ, మలుపు అవతల కనబడనప్పుడూ 5 మైళ్ళు దాటకూడదు. హైవే మీద పోలీసుల్లాగా రేంజర్లు రాడార్ గన్ పట్టుకుని చెట్ల కింద కాపలా కాసిన రోజులున్నాయి.

ఆ తగవు అక్కడితో తెగిందనుకునేరు! 2024లో అదే వాటర్ డిస్ట్రిక్టు బోర్డు, కొన్ని ఒంటిబాటల్లో సైకిళ్ళని ప్రయోగంగా రానిద్దామని తీర్మానించింది. స్థానిక పర్యావరణ సంఘాలు వెంటనే కోర్టుకెక్కాయి. నలభై ఏళ్ళ నించి వాదిస్తున్నవాళ్ళు కొందరు రెండు పక్షాల్లోనూ ఉన్నారు. మన వైపు పొలం గట్టు తగాదాలు తరాలు దాటుతాయంటారు. ఇదీ గట్టు తగాదాయే, కాకపోతే గట్టు ఎవరిదీ కాదు.

గంటకి 15 మైళ్ళు, 5 మైళ్ళు అనే అంకెలు చూసి నాలాంటి సైకిలువాళ్ళు చాలా రోజులు నవ్వుకున్నాం. 5 మైళ్ళంటే చురుగ్గా నడిచే మనిషికంటే కొంచెం ఎక్కువ. అంత నెమ్మదిగా పోతే సైకిలు నిలబడుతుందా? చెయ్యి కట్టుకుని కూర్చున్నాను కనక ఓసారి లెక్క వేశాను. మీరూ వెయ్యొచ్చు, హైస్కూలు లెక్కే.

గంటకి 15 మైళ్ళంటే సెకండుకి 22 అడుగులు. ఎదుట మనిషి కనబడి, కన్ను మెదడుకి చెప్పి, మెదడు వేళ్ళకి చెప్పి, వేళ్ళు బ్రేకు నొక్కేసరికి సెకండున్నర అనుకుందాం. ఈలోగా సైకిలు 33 అడుగులు పోతుంది. ఇక బ్రేకు. తారు రోడ్డు మీద టైరు గట్టిగా పట్టుకుంటుంది, వదులు మట్టి, గులకరాళ్ళ మీద జారుతుంది. అక్కడ మనకి దొరికే బ్రేకు బలం భూమ్యాకర్షణలో పదింట మూడొంతులు అనుకుంటే, ఆగడానికి మరో 25 అడుగులు పడుతుంది. మొత్తం 58. ఇది చదును నేల మీద మాట. పదడుగులు ముందుకి పోతే ఒక అడుగు కిందకి దిగే వాలులో, ఆ మూడొంతుల్లో ఒక వంతు వాలే మింగేస్తుంది. అప్పుడు మొత్తం 70 అడుగులు. అదే వాలులో గంటకి 25 మైళ్ళ మీద దిగుతుంటే 160 అడుగులు! బాగా అలవాటున్నవాళ్ళకి 25 మైళ్ళు పెద్ద వేగమేమీ కాదు.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. మలుపులో పొద అడ్డొచ్చి 40 అడుగుల దూరం మాత్రమే కనిపిస్తోంది. అక్కడ కదలకుండా నిలబడ్డ మనిషి ఉంటే, తగలకుండా ఆగాలంటే ఎంత వేగంలో ఉండాలి? గంటకి 10 మైళ్ళు. అవతలనించి ఇంకో సైకిలు నా అంత వేగంతోనే వస్తోందనుకోండి, ఉన్న 40 అడుగుల్ని ఇద్దరం పంచుకోవాలి. అప్పుడు నాకు దక్కేది 20 అడుగులు, సరిపడే వేగం 6 మైళ్ళు. ఈ లెక్క తేలాక నేను కాసేపు ఆ కాగితం కేసి చూస్తూ ఉండిపోయాను. ఆఫీసులో కూర్చుని ఎవరో ఊరికే రాసేశారనుకున్న 5 మైళ్ళ నియమం, తీరా చూస్తే నేలబారు లెక్కే.

గట్టిగా బ్రేకు వేస్తే సరిపోదా అనకండి. ముందు బ్రేకు ఒక్కటే బిగిస్తే వెనక చక్రం లేచి, మనిషి హ్యాండిలు మీంచి పల్టీ కొడతాడు. వెనకది ఒక్కటే బిగిస్తే చక్రం జారి సైకిలు అడ్డం తిరుగుతుంది. రెంటినీ తగుపాళ్ళలో నొక్కడం నేర్చుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. నేర్చుకున్నా కంగారులో వేళ్ళు ఆ పాళ్ళు మరిచిపోతాయి. పల్టీ కొట్టినవాళ్ళు చేతులు చాపి పడతారు కనక మణికట్టు గానీ, భుజం మీద పడితే నాలాగా కాలర్ బోను గానీ విరుగుతుంది. ఎముకల డాక్టరుగారు నా ఎక్స్‌రే చూసి ఆశ్చర్యపోలేదు. "సైకిలా?" అన్నారు, అంతే.

దారిలో ఎవరు ఎవరికి దారివ్వాలన్న దానికి ఇక్కడ ఒక పసుపుపచ్చ త్రికోణం బోర్డు ఉంటుంది. సైకిలువాడు నడిచేవాళ్ళకీ, గుర్రాలకీ ఇద్దరికీ దారివ్వాలి. నడిచేవాడు గుర్రానికి దారివ్వాలి. సైకిళ్ళలో దిగేవాడు ఎక్కేవాడికి ఇవ్వాలి, ఎందుకంటే ఎక్కేవాడు ఒకసారి ఆగితే ఆ వాలులో మళ్ళీ కదలడం కష్టం. గుర్రానికి అంత పెద్దపీట ఎందుకని నేననుకునేవాడిని. గుర్రం ఏనాడూ వేటాడి బతికిన జంతువు కాదు, ఇంకో జంతువు నోట పడకుండా పరిగెత్తి బతికిన జంతువు. తలకి రెండు పక్కలా కళ్ళుండటంతో దాదాపు చుట్టూ చూడగలదు, సరిగ్గా వెనకా, ముక్కు ముందరా తప్ప. ఆ కనబడని చోటునించి చప్పుడు చెయ్యకుండా, వంగి, వేగంగా ఏదైనా వచ్చిందంటే దానికి తెలిసిన అర్థం ఒకటే: పులి. అందుకని సైకిలు దిగి, వాలుకి దిగువ పక్కన నిలబడి, మామూలు గొంతుతో ఏదో ఒకటి మాట్లాడాలి. మాట వినబడితే "ఓహో, మనిషే" అనుకుంటుందిట. దిగువ పక్కనే ఎందుకంటే, బెదిరిన గుర్రం ఎగువకి పోతే రౌతు బతుకుతాడు, లోయలోకి పోతే కష్టం.

ఇవన్నీ నియమాలు. నియమాలు తెలిసినవాళ్ళ మధ్య కూడా తగవులు ఎందుకొస్తాయన్నది వేరే సంగతి. దీని మీద ఈ దేశంలో పరిశోధన చేసినవాళ్ళున్నారు. 1980లో జేకబ్, ష్రేయర్ అనే ఇద్దరు ఒక వ్యాసంలో చెప్పిందేమిటంటే, ఆరుబయట విహారాల్లో తగవంటే ఒకరు కోరి వచ్చిన దానికి ఇంకొకరి ప్రవర్తన అడ్డుపడటం. దారి ఇరుకవడం ఒక్కటే కాదు కారణం. నడిచేవాడు నిశ్శబ్దం కోరి వచ్చాడు. సైకిలువాడు గాలి మొహానికి కొట్టే వేగం కోరి వచ్చాడు. ఒకరి కోరిక తీరడమే ఇంకొకరి కోరిక చెడటం. 1991లో మోంటానాలోని మిజూలా దగ్గర రాటిల్‌స్నేక్ అనే చోట నడిచేవాళ్ళనీ, సైకిలువాళ్ళనీ అడిగి చూశారు. సైకిలువాళ్ళని చూసి నడిచేవాళ్ళకి కలిగే చిరాకుతో పోలిస్తే, నడిచేవాళ్ళ వల్ల సైకిలువాళ్ళకి కలిగే చిరాకు తక్కువ. ఇటువంటి ఒంటిచేతి తగవులు మిగతా చోట్ల కూడా కనిపిస్తాయి: పడవలో తెడ్డు వేసుకునేవాడికి మోటారు పడవంటే పడదు, మోటారువాడు తెడ్డువాణ్ణి పట్టించుకోనైనా పట్టించుకోడు. మనవాళ్ళు పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం అన్నది ఇదే.

ఇది చదివినప్పుడు నాకొక సంగతి తట్టింది. సైకిలు మీద వెళ్ళిన అన్ని ఏళ్ళలో, దారిలో జనంతో ఎప్పుడూ ఏ గొడవా లేదని, అందరూ నవ్వుతూ చెయ్యి ఊపుతారని నేను మా ఆఫీసులో చెప్పేవాణ్ణి. నేను దాటిపోయాక వాళ్ళ మొహాలు ఎలా ఉన్నాయో నాకెలా తెలుస్తుంది? నేను ముందుకి చూస్తూ వెళ్ళిపోయాను కదా!

దారులు పాడుచేస్తారన్న నింద మాత్రం పూర్తిగా సైకిలువాళ్ళది కాదు. 1994లో మోంటానాలోనే విల్సన్, సీనీ అనే ఇద్దరు గుర్రాల్నీ, మనుషుల్నీ, మోటారు సైకిళ్ళనీ, మామూలు సైకిళ్ళనీ ఒకే దారిలో తిప్పి ఎంత మట్టి కొట్టుకుపోతోందో కొలిచారు. చక్రాలకంటే గిట్టలూ పాదాలూ ఎక్కువ మట్టిని వదులు చేశాయని, ముఖ్యంగా నేల తడిగా ఉన్నప్పుడు, తేలింది. ఈ ముక్క పట్టుకుని సైకిలువాళ్ళు గుర్రాలవాళ్ళ మీదకి వాదానికి వెళ్తూంటారు. వాదం సరే, తగవు మట్టి గురించి కానప్పుడు మట్టి లెక్క చెప్పి ఏం లాభం?

కోపం హద్దు దాటినవాళ్ళూ ఉన్నారు. చెట్టుకీ చెట్టుకీ మధ్య తాడు కట్టడం, మేకులు పరవడం, మలుపు అవతల దుంగలు అడ్డం పెట్టడం. 2012లో ఒరెగాన్‌లోని ఆష్లాండ్ కొండల్లో దారులకి నైలాన్ తాళ్ళు కట్టి, మేకులు చల్లినందుకు ఒకాయన్ని పట్టుకుంటే ఆయన వృత్తి రీత్యా మానసిక వైద్యుడు! 2015లో సరిహద్దు దాటి వాంకూవర్ పక్క కొండల్లో, తెల్లవారుజామునే వచ్చి దారికి అడ్డంగా దుంగలు పెడుతున్న మనిషిని రహస్య కెమెరా పెట్టి పట్టుకున్నారు. చూస్తే అరవై దాటిన ఒక పెద్దావిడ. వీళ్ళెవరూ రౌడీలు కారు. ఏళ్ళ తరబడి ఆ దారుల్లో నడిచినవాళ్ళే. వాళ్ళు చేసింది ప్రాణం తీసే పని, అందులో నాకు అనుమానం లేదు. మెడ ఎత్తున కట్టిన తాడు గంటకి 20 మైళ్ళ మీద వచ్చేవాడికి కనబడదు. కాని ఆ తాడు కట్టేదాకా ఒక మనిషిని తీసుకొచ్చిన ఉలికిపాట్లు ఎన్నో నాకు తెలియవు.

ఇక చట్టం సంగతి. 1964లో వైల్డర్‌నెస్ యాక్టు వచ్చింది. మనిషి చెయ్యి పడని అడవుల్ని అలాగే ఉంచాలన్నది దాని ఉద్దేశం. అందులో మోటార్లే కాక ఏ రకమైన యాంత్రిక రవాణా కూడా పనికిరాదని ఒక మాట ఉంది. యాంత్రిక రవాణా అంటే ఏమిటి? అప్పటికి కొండ సైకిలే లేదు. 1966లో ఫారెస్ట్ సర్వీసు రాసుకున్న నిబంధనల్లో ప్రాణంలేని శక్తితో నడిచేవి అన్న అర్థం ఇచ్చారు. ఆ లెక్కన సైకిలుకి అడ్డులేదు. తరవాత నిబంధనలు బిగిస్తూ వచ్చి 1984కల్లా సైకిలు కూడదని తేల్చేశారు. పదకొండు కోట్ల ఎకరాలు పైచిలుకు అలా మూసుకుపోయాయి. గుర్రానికి మాత్రం తలుపు తెరిచే ఉంది. 2016లో యూటా సెనేటర్లు ఇద్దరు దీన్ని సడలించాలని బిల్లు పెట్టారు, అది ముందుకి సాగలేదు. 1988లో సైకిలువాళ్ళే పెట్టుకున్న అంతర్జాతీయ సంఘం ఇంబా, ఇలాంటి బిల్లునే 2017లో వ్యతిరేకించింది! పర్యావరణవాదులతో స్నేహం చెడితే ఉన్న దారులూ పోతాయని వాళ్ళ భయం. ఆ సంఘంలోనే దీని మీద చాలామంది అలిగారు.

ఇదిలా ఉండగా బ్యాటరీ సైకిళ్ళు వచ్చిపడ్డాయి. పెడలు తొక్కితేనే సాయంచేసి గంటకి 20 మైళ్ళ దగ్గర ఆగిపోయేది మొదటి తరగతి, తొక్కకపోయినా 20 దాకా లాగేది రెండో తరగతి, తొక్కితే 28 దాకా సాయంచేసేది మూడో తరగతి. 2019లో ఇంటీరియర్ శాఖ వీటిని మామూలు సైకిళ్ళతో సమంగా చూడమని ఆదేశమిచ్చింది. ఫారెస్ట్ సర్వీసు మాత్రం వీటిని మోటారు బళ్ళకిందే లెక్కేస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు కొండల్లో రెండు రకాల చట్టమన్నమాట. వీటితో కొత్త చిక్కేమిటంటే, ఎక్కేవాడు నెమ్మదిగా వస్తాడన్న పాత నమ్మకం పోయింది. పైన నేను వేసిన లెక్కలో ఇద్దరూ ఒకే వేగంతో ఎదురుపడే సందర్భం ఇదివరకు అరుదు. ఇప్పుడు కాదు.

మనుషుల సంగతి ఇలా ఉంటే, అడవిలో అసలు ఇంటివాళ్ళు వేరే ఉన్నారు. 2004 జనవరి 8న, దక్షిణ కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ వైటింగ్ రాంచ్ పార్కులో కొండసింహం ఒక సైకిలు మనిషిని చంపింది, అదే రోజు ఇంకొకావిడ మీద పడింది. ఆవిడ స్నేహితురాలు కాళ్ళు పట్టుకుని వదలకుండా లాగడంతో బతికింది. 2018లో వాషింగ్టన్ రాష్ట్రం నార్త్ బెండ్ దగ్గర ఇద్దరు సైకిలువాళ్ళు పుస్తకంలో చెప్పినట్టే కేకలు వేసి దాన్ని తరిమారు, అది తిరిగొచ్చి ఒకరి ప్రాణం తీసింది. 2024 ఫిబ్రవరిలో అదే రాష్ట్రంలో ఐదుగురు ఆడవాళ్ళు, తమలో ఒకరి మొహం పట్టుకున్న కొండసింహాన్ని విడిపించి, దాని మీద సైకిలు వేసి, మనుషులు వచ్చేదాకా ముప్పావుగంట నొక్కిపట్టారు. వంగి, వేగంగా పోయే సైకిలు మనిషి దాని కంటికి పారిపోయే జింకలా ఉంటాడని చెబుతారు. ఇవి అరుదైన సంఘటనలు, కార్లో ఆ పార్కుకి వెళ్ళడమే ఎక్కువ ప్రమాదం. 2016లో మోంటానా గ్లేషియర్ పార్కు పక్కన జరిగినదే నా మనసులో మిగిలింది. మలుపు తిరుగుతూ ఒకతను గ్రిజ్లీ ఎలుగుబంటిని సైకిలుతో గుద్దేశాడు. గంటకి 20, 25 మైళ్ళ వేగంలో ఉన్నాడని, తేరుకోవడానికి అతనికి ఒకటి రెండు సెకండ్లే దొరికాయని తరవాత విచారణలో తేల్చారు. నా లెక్క కాగితంలో అతనూ ఉన్నాడు. ఎదుట ఎవరున్నారన్నదే తేడా.

చిన్న శత్రువులు ఇంకా ఉన్నాయి. పాయిజన్ ఓక్ మన దురదగొండి లాంటిదే అనుకోండి, చుట్టరికం లేకపోయినా. దురదగొండి నిజాయితీ గలది, అక్కడికక్కడే చెప్పేస్తుంది. ఇది ఒకటి రెండు రోజులాగి చెబుతుంది. ఆకుల్లో ఉండే నూనె బట్టలకీ, సైకిలుకీ అంటుకుని ఇంటిదాకా వస్తుంది. మూడేసి ఆకులుండే పొద కనిపిస్తే దూరంగా ఉండటం, తగిలితే వెంటనే సబ్బుతో కడుక్కోవడం తప్ప మార్గం లేదు. నేను పడింది సరిగ్గా దాని మీదే. కట్టు కింద దురద ఎలా ఉంటుందో వర్ణించను. పిడుదు పురుగులు లైమ్ జబ్బు తెస్తాయి, ఇంటికి రాగానే ఒళ్ళు చూసుకోవాలి. ఎండాకాలం దారి మధ్యలో రాటిల్ స్నేకులు ఎండ కాచుకుంటాయి. అది తోక ఆడించి చెప్పేది నడిచేవాళ్ళకి, సైకిలు అప్పటికే దాని మీంచి పోయి ఉంటుంది.

తగవు తీర్చడానికి నాకు నచ్చిన ఉపాయాలు కొన్ని ఈ దేశంలోనే ఉన్నాయి. లేక్ టాహో చుట్టూ తిరిగే దారిలో టాహో మెడోస్ నించి టన్నెల్ క్రీక్ రోడ్డు దాకా ఉన్న ముక్కలో సైకిళ్ళకి సరిసంఖ్య తేదీలు మాత్రమే. యూటాలో సాల్ట్ లేక్ సిటీ పక్కన మిల్ క్రీక్ లోయలోనూ పైదారుల్లో సైకిళ్ళకి సరిసంఖ్య తేదీలే, బేసి తేదీల్లో కుక్కల్ని గొలుసు లేకుండా వదలొచ్చు. కుక్కకీ సైకిలుకీ పడదని కనిపెట్టినవాళ్ళు ఎవరో గాని అనుభవజ్ఞులు. కొలరాడోలో బౌల్డర్ దగ్గర బెటాసో అనే చోట బుధ, శనివారాలు సైకిళ్ళకి సెలవు. మా మరీన్‌లో "స్లో అండ్ సే హలో" అని బోర్డులు పెట్టి గంటలు పంచారు. గంట అంటే నొక్కితే మోగేది కాదు, సైకిలు కదిలితే దానంతటదే మోగుతూ ఉండేది. ఎడ్లబండి వస్తోందని మలుపు అవతలినించే తెలిసేది మనకి, ఎద్దు మెడలో గంట వల్ల. గ్రిజ్లీలకి గంట సరిపోదంటారు. పెద్దవాళ్ళకి సరిపోతుంది, చెవులు బాగుంటే.

నా సైకిలుకి ఇప్పుడు అలాంటి గంట ఉంది. నాతో వచ్చే కుర్రాళ్ళు నన్ను ఐస్‌ఫ్రూటు బండి అంటారు. ఆ దారిలో శనివారాలు పొద్దున్న వెళ్ళడం మానేశాను. మంగళవారం సాయంత్రాలు వెళ్తున్నాను.

కట్టు విప్పిన వారం నడుచుకుంటూ అటు వెళ్తే ఆ దంపతులు కనిపించారు. ఇంటికి ఫోను చేద్దామంటే నెంబరు తీసుకోలేదని వాళ్ళిద్దరూ నా కోసం ప్రతి శనివారం చూస్తున్నారట. తెనాలి దగ్గర ఊరట, ఇంకో పది రోజుల్లో ప్రయాణం. "చెయ్యి లేస్తోందా నాయనా?" అని ఆవిడ అడిగారు. ఎత్తి చూపించాను. నా తప్పేనండీ, అంత వేగంగా రాకూడదు అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఆవిడ మాత్రం, "మీరు ఇంగ్లీషులో అరిచేకంటే ఊరికే పిలవచ్చుగా?" అన్నారు.

అప్పటినించీ నేను "లెఫ్ట్" అన్న మాట వాడటం లేదు. దూరం నించే వేగం తగ్గించి, "హలో, సైకిలు వస్తోందండీ" అంటున్నాను, చీరో మంకీ క్యాపో కనిపిస్తే తెలుగులోనే. పోయిన నెల అలా అంటే ముందున్న ఇద్దరూ ఆగి, వెనక్కి తిరిగి, నా మొహం కేసి అయోమయంగా చూశారు. వాళ్ళు కోయంబత్తూరు వాళ్ళు. అయినా ఆగారు, నేను దిగి నడిచాను.